పది నిమిషాలు ముందున్న ఇల్లు

ఏలూరు పవరుపేటలో మా మావయ్యగారు జగన్నాథం సిద్ధాంతిగారి ఇల్లెక్కడా అంటే ఆటోవాళ్ళు కూడా చెబుతారు. పెళ్ళికైనా, గృహప్రవేశానికైనా, ఆఖరికి కొత్త మోటారుసైకిల్ని షోరూములోంచి బయటికి తీయడానికైనా జనం ముందు మా అరుగు మీద కూర్చుని మంచి టైము అడిగి వెళ్ళాలి. అలా ఊరందరికీ టైము పంచిపెట్టే మా ఇంట్లో ఒక్క గడియారం కూడా సరైన టైము చూపించదు. ఇది కోపంతో అంటున్న మాట కాదు. అది ఇంటి ఆచారం.

హాల్లో గోడ గడియారం పది నిమిషాలు ముందుంటుంది. వంటింట్లోదీ అంతే. పూజగదిలో అలారం, మావయ్యగారి చేతి గడియారం, మా ఆయన చేతి గడియారం, అన్నీ అదే పది నిమిషాలు. "బయల్దేరే మనిషికి కాస్త ముందు టైము కనిపిస్తే మంచిదమ్మా" అని నేను కాపురానికొచ్చిన కొత్తలో మావయ్యగారు చెప్పారు. బాగానే ఉంది. కానీ గడియారం పది నిమిషాలు ముందుందన్న సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. కాబట్టి అందరూ గడియారం చూసి, అందులో పది తీసేసి, "ఇంకా టైముందిలే" అని తాపీగా కూర్చుంటారు. నేను వట్లూరులో ఒక స్కూల్లో లెక్కల టీచర్ని. తీసివేతలు ఇంత బాగా వచ్చిన కుటుంబాన్ని మరెక్కడా చూడలేదు.

ఫోన్లు మాత్రం వీళ్ళ మాట వినవు. వాటి టైము వాటిదే. అందుకని మా ఇంట్లో ఫోను టైము, ఇంటి టైము అని రెండున్నాయి. ఆ రెండూ కలవలేదని ఎవరూ కంగారుపడరు. మా పుట్టిల్లు చింతలపూడి. అక్కడ గడియారంలో ఎంతుంటే అంతే. అందుకే ఇన్నేళ్ళయినా నాకు ఈ తీసివేత అలవాటు కాలేదు. ప్రతిసారీ మనసులో లెక్క చేసుకోవాల్సిందే.

ఇక మా ఆయన. పేరు కౌండిన్య. కలెక్టరేటులో సీనియర్ అసిస్టెంటు. ఇంటికి రాగానే హామ్ రేడియో. అంటే ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకుని, సొంత రేడియో పెట్టుకుని, ముక్కూ మొహం తెలియని దేశదేశాల వాళ్ళతో మాట్లాడటం. ఎదురింటివాళ్ళు పలకరిస్తే మొహమాటపడి లోపలికి వచ్చేసే మనిషికి ఫిన్లాండువాళ్ళతో ఏ మొహమాటమూ లేదు. ఆ మాట్లాడటమైనా నోటితో కాదు. రేడియోకి కంప్యూటరు తగిలిస్తారు. కంప్యూటర్లో ఉన్న సాఫ్ట్‌వేరు ఈలలు వేస్తుంది. అవతలి కంప్యూటరు ఈలలతోనే జవాబిస్తుంది. "నేను ఫలానా, నువ్వు ఫలానా, నీ ఈల ఇంత గట్టిగా వినిపించింది, సెలవు." అంతే. మా పెళ్ళిచూపుల్లో కూడా ఇంతకంటే ఎక్కువే మాట్లాడారు.

ఈ ఎండాకాలం మొదట్లో ఆయనకి ఒక దీవి పిచ్చి పట్టింది. దక్షిణాన ఎక్కడో సముద్రం చివర, మనుషులుండని మంచు దీవి. కొందరు హాములు ఓడ మీద వెళ్ళి, అక్కడ గుడారాలు వేసుకుని, పది రోజులపాటు ఈలలు వేసి వచ్చేస్తారట. మళ్ళీ ఎప్పుడు వెళ్తారో ఎవరికీ తెలియదట. ఆ పది రోజుల్లో వాళ్ళతో ఒక్కసారి ఈల కలపకపోతే జన్మ వృథా. దానికోసం డాబా మీద ఇనప కంబం వేయించి, నాలుగు వైపులా తీగలు లాగి కట్టారు. నేను వడియాలు పెట్టుకునే చోటు పోయింది, బట్టలారేసే చోటు పోయింది. మా అత్తయ్యగారు కామేశ్వరమ్మగారు పాపం ఆ తీగ దండెమే అనుకుని ఒకరోజు చీర ఆరేస్తే, "అమ్మా, అది యాంటెన్నా!" అని ఈయన వేసిన కేక ఫిన్లాండు దాకా వినిపించి ఉంటుంది. రేడియో అక్కర్లేకుండానే.

మావయ్యగారి బాధ వేరు. కంబం వేసింది ఈశాన్యంలో. ఈశాన్యంలో బరువు పెడతారా ఎవరైనా? ఊళ్ళో నలుగురికీ వాస్తు చెప్పే మనిషి నెత్తిమీదే వాస్తు దోషమా? వచ్చినవాళ్ళు మాట్లాడుతూ మాట్లాడుతూ పైకి చూస్తున్నారట. చివరికి తండ్రీ కొడుకుల మధ్య ఒప్పందం కుదిరింది. దీవి వాళ్ళు ఉన్నంతవరకూ కంబం ఉంటుంది. ఆఖరి రోజు ఆదివారం. ఆలోపు దీవి పలికితే కంబం శాశ్వతంగా ఉంచుకోవచ్చు. పలక్కపోతే సోమవారం పొద్దున్నే దింపేసి పాత ఇనుముకి వేసేయాలి. "సరేనండి నాన్నగారూ" అని మా ఆయన ధైర్యంగానే అన్నారు. అప్పటికి కంప్యూటరు తెర మీద రోజూ పాతిక దేశాల పేర్లు పడుతున్నాయి మరి.

గురువారం సాయంత్రం నుంచి ఆ పేర్లు పడటం మానేశాయి. రేడియోలో ఈలలు వినిపిస్తున్నాయి. తెర మీద రంగురంగుల చారలు కూడా కనిపిస్తున్నాయి. పక్కన పేర్లు రావలసిన పెట్టె మాత్రం ఖాళీ.

"గురువారం నువ్వేం చేశావు?" అన్నారు నాతో, పోలీసు ఇన్‌స్పెక్టరులా నిలబడి.

"గోంగూర పచ్చడి చేశానండీ."

"మిక్సీలోనా?"

"కాదు, కలెక్టరేట్లో."

నా వెటకారం ఆయనకి ఎక్కలేదు. మిక్సీ మోటారు వల్ల రేడియోలోకి గోల వస్తుందని, ఆ గోలకి ఏదో చెడిపోయి ఉంటుందని తేల్చారు. ఆదివారం దాకా మిక్సీ ముట్టుకోకూడదని హుకుం వేశారు. శుక్రవారం నేను, అత్తయ్యగారు రోట్లో పప్పు రుబ్బాం. లోపల ఆయన ప్రపంచంలోకెల్లా ఆధునికమైన సాఫ్ట్‌వేరు ముందు కూర్చుని ఖాళీ పెట్టె చూస్తున్నారు.

ఆ సాయంత్రం తాడేపల్లిగూడెం నుంచి తాతారావుగారు ఫోన్ చేశారు. ఆయనకి అక్కడ నీళ్ళ మోటార్ల షాపుంది. ఆయనా హామే. దీవితో మొదటి రోజే ఈల కలిపేశారు. అప్పటినుంచి రోజుకొకసారి ఆ సంగతి మా ఆయనకి గుర్తుచేయడం తన ధర్మంగా పెట్టుకున్నారు. ఫోను స్పీకర్లో పెట్టారు కాబట్టి నేనూ విన్నాను.

"చారలు కనిపిస్తూ పేర్లు పడట్లేదంటే, టైమేనండీ బాబూ. కంప్యూటరు టైము చూసుకున్నారా?"

మా ఆయన మొహం ఎర్రబడింది. "టైమా? మా ఇంట్లోనా?"

"కోప్పడకండీ. ప్రపంచమంతా ఒకే క్షణాన ఈల మొదలెట్టాలి కదండీ. పావు నిమిషం మనం కూయాలి, పావు నిమిషం వినాలి. బంతి భోజనాల్లాగన్నమాట. ఓ బంతి లేచాక ఇంకో బంతి కూర్చోవాలి. మధ్యలో వెళ్తే విస్తరీ లేదు, అన్నమూ లేదు. ఒక్క సెకను, మహా అయితే రెండు. అంతకుమించి తేడా ఉంటే పని చెయ్యదండీ. నేనైతే రోజూ ఇంటర్నెట్‌తో కలుపుకుంటానండీ."

"తాతారావుగారూ, జిల్లా అంతా మా నాన్నగారి దగ్గరికొచ్చి టైము అడుగుతారండి. ఇప్పుడే హాల్లో గడియారంతో, నా చేతి గడియారంతో కలిపి చూశాను. మూడూ ఒకటే. మా ఇంట్లో టైము తప్పుందన్న మొదటి మనిషి మీరేనండి" అని ఫోను పెట్టేశారు.

మూడూ ఒకటేనట. చూశారా, ఎంత శాస్త్రీయంగా పరీక్షించారో.

శనివారం ఇంకో అనుమానం పుట్టింది. కొల్లేరు వైపు చేపల చెరువుల్లో నీళ్ళు చిలికే మోటార్లు తిరుగుతూ ఉంటాయి కదా, ఆ గోల ఏలూరు దాకా వస్తోందేమో అని. చేతి రేడియో ఒకటి పట్టుకుని బండి మీద బయల్దేరారు. మధ్యాహ్నం మూడింటికి వచ్చారు. మొహం మాడిపోయి ఉంది. ప్యాంటు మోకాళ్ళ దాకా బురద. ఒళ్ళంతా చేపల వాసన. అత్తయ్యగారు గుమ్మంలోనే ఆపి రెండు బిందెల నీళ్ళు కుమ్మరించారు. చెరువుగట్టు మీద కాపలా మనిషి ఈయన్ని చేపలు కొనేవాళ్ళ తాలూకు అనుకుని బొచ్చె చేపల ధర చెప్పాడట. సిద్ధాంతిగారి అబ్బాయినని చెబితే, బండి తీయడానికి మంచి టైము ఎప్పుడని అడిగాడట. గోల మాత్రం ఎక్కడా దొరకలేదు.

ఆదివారం వచ్చింది. ఈయన పొద్దున్న ఇడ్లీలు తిన్నారు. తిన్నట్టు ఆయనకి తెలుసో లేదో నాకు తెలియదు. మావయ్యగారికి కొడుకుని చూసి జాలేసినట్టుంది. "ఒక పని చేద్దాంరా. దాన్ని ఈశాన్యంలోంచి తీసి నైరుతిలో పెట్టి చూడు. దోషం పోతే అదే పలుకుతుంది" అన్నారు. చేసేదేమీ లేని మనిషి దేనికైనా ఒప్పుకుంటాడు. ఎదురింటివాళ్ళు, పక్కింటివాళ్ళు కూడా సాయానికొచ్చారు. సాయానికన్నా చూడటానికి అంటే సరిపోతుంది. అందరూ డాబా ఎక్కారు. అత్తయ్యగారు పళ్ళెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పెట్టి పైకి పంపించారు.

సోమవారం తొమ్మిదో తరగతి పిల్లలకి యూనిట్ టెస్టుంది. పేపరు టైపు చేసుకుందామని నేను గదిలోకి వెళ్ళాను. తెర మీద చారలు దిగుతూనే ఉన్నాయి, పక్కన పెట్టె ఖాళీ. మూలన చిన్న అక్షరాల్లో టైము. హాల్లో గడియారంలో ఇప్పుడే చూసిన టైమే అక్కడా కనిపించేసరికి మనసులో పది తీసేశాను. తీసేశాక చెయ్యి ఆగిపోయింది.

ఇన్నాళ్ళూ ఈ కంప్యూటరు టైములో నేను ఎప్పుడూ ఏమీ తీయలేదు. ఇది ఇంటర్నెట్ నుంచి టైము తెచ్చుకుంటుంది. కిందటి ఆదివారం ఇక్కడే కూర్చుని పేపరు టైపు చేశాను. అప్పుడు ఫోనూ ఇదీ ఒకటే చూపించాయి. ఫోను తీసి చూశాను. కంప్యూటరు పది నిమిషాల మీద ఇంకొన్ని సెకన్లు ముందుంది.

"అత్తయ్యగారూ, ఈమధ్య కంప్యూటరు ఎవరైనా ముట్టుకున్నారాండీ?" అన్నాను వంటింట్లోకి వినపడేలా.

"గురువారం ఆ నెట్ షాపు ఏసుబాబు వచ్చాడు కదే, మీ మావయ్యగారికి జాతకాల ప్రోగ్రాము కొత్తది వెయ్యడానికి. నువ్వు స్కూల్లో ఉన్నావు. కాఫీ కూడా ఇచ్చాను. వెళ్తూంటే మీ మావయ్యగారు, ఇది ఒక్కటే వెనకబడి ఉంది నాయనా, దీన్ని కూడా హాల్లో గడియారంతో కలిపెయ్యి అన్నారు. పాపం, వినయంగా కలిపి వెళ్ళాడు."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడు రోజులుగా రోట్లో రుబ్బి నా రెట్టలు పడిపోయాయి. ఒక మనిషి కొల్లేరు బురదలో తిరిగి వచ్చాడు. ఇప్పుడు పైన వాస్తు ఆపరేషను జరుగుతోంది. ఇంత గొడవా ఎందుకంటే, ఇంట్లో నిజం చెబుతున్న ఒకే ఒక్క గడియారాన్ని కూడా పద్ధతిలో పెట్టారు కాబట్టి. ఈ ఇంట్లో పుట్టి పెరిగిన మా ఆయనకి అది కనిపించదు. ఇంట్లో ఏ గడియారం చూసినా ఆయన కళ్ళే పది తీసేస్తాయి. ఫోనుతో తేడా కనిపిస్తే ఇల్లు మామూలుగా ఉన్నట్టు లెక్క.

వెంటనే పైకి పరుగెత్తి చెప్పానా? లేదు. కుర్చీలోనే కూర్చున్నాను. ఊరుకుంటే చాలు. సాయంత్రానికి దీవి సెలవు పుచ్చుకుంటుంది. పొద్దున్నకి కంబం పోతుంది. నా డాబా నాకొచ్చేస్తుంది. ఎండలు ముదురుతున్నాయి, గుమ్మడి వడియాలు పెట్టుకోవచ్చు. నేను ఏమీ చేయనక్కర్లేదు, ఏమీ చేయకపోతే చాలు. ఇంత సుఖమైన అవకాశం ఆడదానికి ఎప్పుడో గానీ రాదు.

అప్పుడే ఆయన తాడు కోసం కిందికొచ్చారు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. నేను కంప్యూటరు ముందు ఉండటం చూసి, గుమ్మంలో ఆగి, మంచినీళ్ళు అడిగారు. గ్లాసు ఖాళీ చేసి ఇచ్చేస్తూ, "పోనీలే ప్రియా, రేపట్నుంచి నీ డాబా నీది" అన్నారు. నవ్వబోయారు. రాలేదు. తాడు తీసుకుని వెళ్ళిపోయారు.

కోప్పడితే బాగుండేది. మిక్సీ గురించి ఇంకో మాట అన్నా బాగుండేది. ఏం మనిషి! నలభై దాటాయి. తాగడు, పేకాడడు. మంచు దీవిలో ఎవరో ఈల వేస్తే తనకి వినపడాలన్నది ఒక్కటే కోరిక. దాని మీద నేను వడియాలు పెట్టుకోవాలా?

పైకి వెళ్ళి చెబుదామంటే వీధి వీధంతా అక్కడే ఉంది. సిద్ధాంతిగారింట్లో టైము తప్పు, ఆ తప్పు చేయించింది సిద్ధాంతిగారే అని అందరి ముందూ ఎలా చెప్పను? మూలనున్న టైము మీద నొక్కాను. ఏసుబాబు ఆపేసిన మీటని మళ్ళీ ఆన్ చేశాను. అంకెలు ఒక్కసారి ఊగి, వెనక్కి వెళ్ళి, ఫోనుతో కలిశాయి. పైన ఫట్‌మని కొబ్బరికాయ పగిలిన చప్పుడయింది.

పావు నిమిషం గడిచింది. ఖాళీ పెట్టెలో ఒక పేరు పడింది. తర్వాత నాలుగు. తర్వాత పెట్టె నిండిపోయింది.

"ఏవండీ!" అని కేకేశాను. "ఇక్కడ ఏవో పేర్లు పడుతున్నాయండీ!"

మెట్ల మీద ఒకరినొకరు తోసుకుంటూ వచ్చారు. మా ఆయన కుర్చీలో కూర్చున్నారు. వెనక మావయ్యగారు, చేతిలో కొబ్బరి చెక్క. సాయంత్రం కాఫీల వేళకి దీవి మా ఆయన పిలుపుకి జవాబిచ్చింది. తెర మీద ఎర్రగా ఒక్క లైను. అంతే. దానికే ఆయన లేచి నన్ను అందరి ముందూ కావిలించుకోబోయి, మావయ్యగారిని చూసి, పక్కింటాయన్ని కావిలించుకున్నారు.

"నైరుతి!" అన్నారు మావయ్యగారు.

ఆ రాత్రి భోజనాల వేళకి పవరుపేటంతా తెలిసిపోయింది. నైరుతిలో పెట్టిన మరుక్షణం పలికిందట. తాతారావుగారు ఫోన్ చేసి, కంబం గోడకి ఎంత ఎడంగా పెట్టారో, ముందు ఏ మంత్రం చదివారో వివరంగా అడిగారు. ఆయన రేడియో మొదటినుంచీ భేషుగ్గా పనిచేస్తోంది. అయినా మర్నాడే ఆయన కంబం కూడా నైరుతికి మార్చారని తెలిసింది. నేను నోరు మూసుకుని వడ్డించాను. మొగుడు సంతోషంగా ఉన్నాడు, మామగారు సంతోషంగా ఉన్నారు, నా పేరు ఎక్కడా లేదు. కోడలికి ఇంతకంటే గౌరవం ఏం కావాలి?

కథ అక్కడితో అయిపోయేదే. కానీ సోమవారం నల్లజర్లలో గృహప్రవేశం ఉంది. మావయ్యగారు తెల్లవారుజామునే లేచి, స్నానం చేసి, కంప్యూటరు ముందు కూర్చుని కావలసిన కాగితాలు ప్రింటు తీసుకున్నారు. మూలన టైము చూశారు. అలవాటుగా అందులో పది తీశారు. బస్సుకి బోలెడు టైముందని తాపీగా రెండో కాఫీ తాగారు. బస్సు మాత్రం అసలు టైముకే వెళ్ళిపోయింది.

మావయ్యగారు ఇంకో బస్సు పట్టుకుని నల్లజర్ల చేరేసరికి ముహూర్తం దాటిపోయింది. ఇంటివాళ్ళు ఇంకా గుమ్మం బయటే నిలబడి ఎదురుచూస్తున్నారట. ముందుగా లోపలికి నడిపించాల్సిన ఆవు మాత్రం ఎవరికోసమూ ఆగలేదు. దానంతటదే వెళ్ళి, హాల్లో నిలబడి, తోరణం మామిడాకులు నములుతోందట. మనుషుల్లో ఎవరూ చేయలేని పని ఆవు చేసింది. టైముకి లోపల ఉంది.

సాయంత్రం నేను స్కూలు నుంచి వచ్చేసరికి మావయ్యగారు హాల్లో కూర్చుని ఉన్నారు. ఉత్తరీయం కూడా తీయలేదు. నలభై ఏళ్ళలో ఆయన ఒక్క ముహూర్తానికీ ఆలస్యం కాలేదు. మా ఆయన వచ్చి కూర్చున్నాక నెమ్మదిగా అడిగారు.

"కంప్యూటరు గడియారం ఎవరు కదిపారు?"

"దాన్ని ఎవరు కదుపుతారు నాన్నగారూ? అది దానంతటదే ఇంటర్నెట్..." అంటూ మా ఆయన ఆగిపోయారు. "మీరు అందులో పది తీశారా?"

"మరి తీయనా? ఇంట్లో గడియారమే కదరా అదీను. గురువారం ఏసుబాబు చేత నేనే కలిపించాను."

మా ఆయన మొహంలో గురువారం, శుక్రవారం, కొల్లేరు, బొచ్చె ధర, అన్నీ వరసగా కనిపించాయి. "మళ్ళీ సరిచేసిందెవరు?" అన్నారు.

"నేనేనండీ" అన్నాను. "ఆదివారం. మావయ్యగారు పైన కొబ్బరికాయ కొడుతున్నప్పుడు."

గోడ గడియారం టిక్కుమంటూ తన పది నిమిషాలు ముందు నడుస్తోంది. మావయ్యగారు భుజం మీద ఉత్తరీయం తీసి ఒళ్ళో ఉండచుట్టి పెట్టుకున్నారు. ఆయన్ని అలా చూడటం నాకు ఏమీ బాగాలేదు. నా వెటకారమంతా ఎటు పోయిందో తెలియదు.

"అయితే నైరుతి..." అన్నారు.

"నైరుతీ మంచిదేనండి మావయ్యగారూ. తీగలు అటు జరిగాక నాకు బట్టలారేసుకోవడానికి కాస్త చోటు దొరికింది."

"నీకా కంబం మొదట్నించీ ఇష్టం లేదు కదమ్మా. ఊరుకుంటే ఈపాటికి పోయేది. ఎందుకు కదిపావు?"

"మీ అబ్బాయి డాబా నాకిచ్చేసి వెళ్ళిపోయారండి. ఒక్క మాట కూడా అనలేదు. నేను చూడలేకపోయాను" అన్నాను.

మావయ్యగారు లేచి ఉత్తరీయం దులిపి భుజాన వేసుకున్నారు. "ఆ ఒక్కదాన్నీ అలాగే ఉండనివ్వండి. కానీ దానిమీద ఒక కాగితం అంటించండి. ఇందులో పది తీయరాదు అని" అన్నారు. ఆ తర్వాత స్టూలు వేసుకుని హాల్లో గడియారాన్ని ఇంకో అయిదు నిమిషాలు ముందుకి తిప్పారు. నల్లజర్ల లోటు ఎక్కడో ఒకచోట పూడాలి కదా.

మా ఆయన మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. నాకేసి చూస్తున్నారు. ఏదో పెద్ద మాటే అంటారనుకున్నాను. ఆయన గొంతు సవరించుకున్నారు.

"ప్రియా, ఇకనుంచి నువ్వు మిక్సీ ఎప్పుడు కావాలంటే అప్పుడు వేసుకో. నేను రేడియో ముందున్నా సరే."

"ఆ కొబ్బరి చెక్కలు ఫ్రిజ్జులో అలాగే ఉన్నాయే" అన్నారు వంటింట్లోంచి అత్తయ్యగారు. "వీడి హుకుంకి భయపడి ముట్టుకోలేదు."

నేను వెళ్ళి ఆ కొబ్బరి తరిగి, పచ్చిమిరపకాయలు వేసి, మిక్సీ మీట నొక్కాను. గదిలో రేడియో ఒక్కసారి గుర్రుమంది. తొంగి చూశాను. తెర మీద చారలన్నీ చెరిగిపోయాయి. మా ఆయన పళ్ళు బిగబట్టుకుని, రెండు చేతులతో కుర్చీ పట్టుకుని కూర్చున్నారు. నోరు మాత్రం తెరవలేదు. పచ్చడి బాగా మెత్తబడేదాకా తిప్పాను.